ద్వాలికి దొరికిన అన్న

మా కాలేజీలో సోషియాలజీ మొదటి పాఠం చెప్పే రోజు నేను పుస్తకం తెరవను. "నీ పక్కన కూర్చున్నవాడు నీకు ఏమవుతాడు?" అని అడుగుతాను. ఖమ్మం చుట్టుపక్కల పిల్లలు కదా, ఆలోచించకుండానే చెప్పేస్తారు. వరసకు బావ అంటాడొకడు. మా ఊరివాడే మేడమ్, చిన్నాన్న కొడుకులాంటోడు అంటాడింకొకడు. మన తెలుగువాళ్ళకు వరస కలపందే మంచినీళ్ళు గొంతు దిగవు. బస్సులో పక్కసీటు ముసలమ్మ, కండక్టరు టికెట్టు కొట్టేలోపే పిన్నమ్మ అయిపోతుంది. దిగాక ఆ పిన్నమ్మ ముఖం కూడా గుర్తుండదు, అది వేరే సంగతి.

మా శాస్త్రం దీన్ని కల్పిత బంధుత్వం అంటుంది. ఇద్దరు పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంబంధం కాదనీ, ఎదుటివాళ్ళు ఇట్లా చేస్తారులే అనే నమ్మకంతో మనం ఏదైనా చేసినప్పుడే సంబంధం మొదలవుతుందనీ చెబుతుంది. అంటే సంబంధం ప్రేమలో కంటే ఎదురుచూపులో ఎక్కువ ఉంటుంది. పిల్లలు ఇది శుభ్రంగా రాసుకుని, పరీక్షలో దింపేసి మార్కులు తెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ద్వాలి గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

ద్వాలి పినపాక దగ్గర ఒక తండాలో ఉండే లంబాడీ మనిషి. ఆమెకు అన్న అయినవారు చెంచురామయ్య గారు. ఆయన మా ఆయనకు సొంత అన్న, నాకు బావగారు. కాబట్టి నేను చెప్పేది ఊళ్ళో విన్న ముచ్చట కాదు. మా ఇంటి సంగతే.

మధిర అవతల ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని, డెబ్బై నాలుగులో ఆయన అడవి అంచుకు వ్యవసాయానికి వచ్చారు. ఆ రోజుల్లో మావైపు నుంచి చాలామంది అట్లా సామాను బండ్లకెత్తుకుని వచ్చారు. వాళ్ళకు పంట తెలుసు, మందులు తెలుసు, మనుషులే తెలియదు. పిలిస్తే పనికొచ్చే మనిషి లేకపోతే ఎంత చేను ఉండి ఏం లాభం? అందుకు బావగారి దగ్గర ఒక విద్య ఉంది. కనపడిన ప్రతివాడితో వరస కలిపేస్తారు. ఫారెస్టు గార్డు ఆయనకు తమ్ముడు. ఎరువుల కొట్టు షావుకారు మామయ్య. ఇక తండా నుంచి నీళ్ళకు వెళ్తున్న ద్వాలి కనిపిస్తే, దారిలో ఆపి అన్నారట: "నాకు తోడబుట్టిన ఆడపిల్ల లేదమ్మా. ఇవాళ్టి నుంచి నువ్వే నా చెల్లెలివి."

ద్వాలి అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. తెల్లచొక్కా మనిషి తనను ఆపి మాట్లాడటమే ఆమెకు వింత. ఈ సంగతి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా నెత్తిమీద బిందెను రెండు చేతులా పట్టుకున్నట్టు చూపించేది. "బిందె జారబోయింది పంతులమ్మా, నాకు భయమైంది" అని నవ్వేది. కాలేజీలో పాఠం చెప్పేదాన్నయినా ఆమెకు నేను పంతులమ్మనే.

చెల్లెలు అన్నాక ఆమె మొగుడు హాతీరాం బావ కావాలి. అయ్యాడు. "ఏం బావా, మా చెల్లెలు ఇవాళ అన్నం పెట్టిందా, తన్ని పంపిందా?" అని మా బావగారు గట్టుమీద నుంచి ఎకసెక్కాలాడితే హాతీరాం సిగ్గుపడి నవ్వేవాడు. బావామరుదుల వరసలో హాస్యానికి హద్దు లేదు. పనికీ హద్దు లేదని తర్వాత తెలిసింది. వానకు గట్టు తెగితే బావ, ఎద్దు బెదిరి అడవిలో పడితే బావ, పురుగుమందు కొట్టాలంటే బావ.

ద్వాలి కూడా అంతే. కలుపు తీసేది, మిరపకాయ కోసేది. మా తోటికోడలు సీతారావమ్మ అక్కయ్య చలిజ్వరంతో మంచాన పడిన ఏడాది, పిల్లలకు నీళ్ళు పోసి జడలు వేసింది కూడా ఆమే. ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడని పని లేదు, వంటింటి పని తప్ప. మధ్యాహ్నం ఆమె తినే సత్తుకంచం పశువుల కొట్టం చూరులో దోపి ఉండేది. తిన్నాక తనే కడిగి అక్కడే దోపేది.

ఒక వేసవిలో నేను ఊరుకోలేక అడిగాను. "చెల్లెలి కంచం చూరులో ఎందుకుందక్కయ్యా?"

"నీ కాలేజీ ప్రశ్నలు ఇక్కడ అడగకు ప్రమీలా" అంది అక్కయ్య. "అది అడిగిందా? నీకెందుకు?"

నిజమే, ద్వాలి అడగలేదు. ఆమెకు కంచం ఎక్కడున్నా పిలుపు ముఖ్యం. చేలో పదిమంది ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తుంటే, దొర తనను మాత్రమే చెల్లెమ్మా అని పిలుస్తాడు. ఆ పిలుపు కోసం ఆమె మిగతావాళ్ళ కంటే ఒక సాలు ఎక్కువే తీసేది. బతుకులో ఎవరూ గౌరవించని మనిషికి ఒక్క గౌరవం దొరికితే దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆమెకు సొంత అన్న లేక కాదు. వాగు అవతలి తండాలో జైరాం ఉన్నాడు, ఒక తల్లి కడుపున పుట్టినవాడు. మాట కటువు, మనిషి మొండి. ఎనభై మూడులో పత్తి తీతల వేళ, కూలి పెంచితేనే చేలో దిగుతామని రెండు తండాలనూ ఒక్క మాట మీద నిలబెట్టింది అతనే. పత్తి పగిలి చెట్టుమీద తెల్లగా ఉంది. తూర్పున మబ్బు పట్టింది. వాన పడితే దూదంతా నల్లబడి పనికిరాకుండా పోతుంది. రైతులందరికీ నిద్రలేదు.

బావగారు ఎవరితోనూ బేరానికి దిగలేదు. తిన్నగా ద్వాలి గుడిసెకు వెళ్ళారు. తొమ్మిదేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నులకమంచం మీద కూర్చున్నారు, చెంబుతో నీళ్ళు అడిగి ఎత్తి తాగారు. "నీ అన్న పంట తడిసిపోతుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావా చెల్లెమ్మా?" అన్నారు. అంతే. మర్నాడు తెల్లారేసరికి ద్వాలి ఒడి కట్టుకుని చేలో ఉంది. ఆమె వెనక మూడిళ్ళ ఆడవాళ్ళు దిగారు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు తండా తండా అంతా దిగింది. కట్టు తెగిపోయింది, కూలి పాతదే ఖాయమైంది.

ఆ సాయంత్రం జైరాం వచ్చి చెల్లెలి గుడిసె ముందు నిలబడి అన్న మాటలు ద్వాలే నాకు తెలుగులో చెప్పింది. "నీకు ఆడ అన్న దొరికిండు గద. ఈడ అన్న సచ్చిండనుకో." అప్పటి నుంచి రాకపోకలు లేవు. మంచికీ చెడుకూ పిలుపుల్లేవు. నేను బాధపడితే ద్వాలే నన్ను ఓదార్చింది. "పోనీ పంతులమ్మా. మా అన్న మా ఇంట్ల నీళ్ళు తాగిండు. జైరాంకేం ఎరుక?"

ఆమెను చూసి జాలిపడాలో, పట్టుకుని కుదపాలో నాకు తెలియలేదు. క్లాసులో అయితే తేలిగ్గా చెప్పేదాన్ని, ఒక సంబంధం కోసం ఇంకో సంబంధాన్ని పణం పెట్టిందని. మట్టిగోడకు ఆనుకుని కూర్చుని అంత సంతోషంగా చెబుతున్న మనిషి ముందు ఆ ముక్క నోరు దాటలేదు.

ఎనభై ఎనిమిదిలో తెల్లదోమ పత్తిని పీల్చి పిప్పి చేసింది. ఒక మందు పనిచేయకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు. దసరా సెలవులకు నేను వెళ్ళేసరికి చేలన్నీ ముక్కు పగిలే వాసన. హాతీరాం పొద్దుటి నుంచి మందుడబ్బా వీపున మోస్తున్నాడు. గాలి ఎదురు తిరిగింది, కాసేపు ఆగుదామని అన్నాడట. "ఈ ఒక్క చెక్క అయిపోనీ బావా" అన్నారట మా బావగారు. మధ్యాహ్నానికి హాతీరాం గట్టుమీద కూలబడ్డాడు. నోటివెంట నురగ. ట్రాక్టరు మీద వేసి భద్రాచలం దవాఖానాకు బయలుదేరారు. సారపాక దాటకముందే ప్రాణం పోయింది. ద్వాలి అతని తల ఒళ్ళో పెట్టుకుని, చనిపోయాడని తెలియక, గోదావరి వంతెన దాకా కొంగుతో విసురుతూనే ఉందట.

మర్నాడు ఎస్సై వచ్చాడు. శవం తండాలో గుడిసె ముందు ఉంది. నేను అక్కయ్యతో కలిసి వెళ్ళి ఆడవాళ్ళ పక్కన నిలబడ్డాను.

"ఎవరితను?" అని అడిగాడు ఎస్సై.

"మా బావండీ. ఈమె నా చెల్లెలు" అన్నారు బావగారు, ద్వాలిని చూపించి.

ఎస్సై ఆమె అద్దాల రవికె వైపు చూశాడు. బావగారి ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు. నవ్వు ఆపుకున్నాడు. "పురుగుమందు కొడుతూ పడిపోయాడని విన్నానే?"

"సారా అలవాటుందండీ. పొద్దున్నే తాగి వచ్చాడు. మా ఇంటి మనిషిని పోస్టుమార్టం కోతకివ్వడానికి మాకు మనసొప్పదు. మాలో మేం చూసుకుంటాం."

హాతీరాం పండగకు తాగేవాడు, అందరిలాగే. ఆ రోజు పండగ కాదు. అక్కడున్న ప్రతివాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

అప్పుడు గుంపు వెనక నుంచి జైరాం ముందుకు వచ్చాడు. "కొయ్యనియ్యిండ్రి సారూ. మందు ఒంట్ల జొచ్చి సచ్చిండు. కోస్తె బయటపడ్తది."

"నువ్వెవరు?"

"ఆమె అన్నను."

ఎస్సై ద్వాలి వైపు తిరిగాడు. "నీకెంతమంది అన్నలమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అంత దుఃఖంలోనూ నవ్వేవాళ్ళుంటారు. ద్వాలి మొగుడి కాళ్ళ దగ్గర నుంచి తలెత్తింది. పోలీసు ముందు, రెండు తండాల ముందు, తెల్లచొక్కా మనిషి తనను చెల్లెలన్నాడు. పద్నాలుగేళ్ళుగా చేలో వినిపించిన పిలుపు ఇవాళ నలుగురిలో నిజమైంది. జైరాం వైపు చూడకుండానే చెప్పింది. "ఆయనతోటి నాకు మాటల్లేవు సారూ. మా అన్న ఎట్ల జెప్తె గట్ల."

ఎస్సై వెళ్ళిపోయాడు. పొద్దుగూకేలోపు శవం కాలిపోయింది. దానితోపాటే, హాతీరాం దేనివల్ల చనిపోయాడో తేల్చగల దారి కూడా.

ఇక ఆ తండాలో ఒక ఆచారం ఉంది. మొగుడు పోయిన ఆడదాని చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు కర్మ రోజున తీసేస్తారు. అయితే ఊరికే తీయరు. పుట్టింటి మగవాడు, అన్నో తమ్ముడో, కొత్తబట్ట తెచ్చి తలమీద కప్పాలి. ఆ బట్ట చాటున తీస్తారు. బట్ట రాకపోతే ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరని అర్థం. అట్లాంటి దానికి తండాలో మాట చెల్లదు, ఆమె గుడిసెకూ గొడ్డుకూ ఎవడు అడ్డం వచ్చినా అడిగే దిక్కుండదు. మనలోనూ పుట్టింటి చీర ఉంది కదా, ఆ బాధ ఏమిటో చెప్పనక్కర్లేదు.

తండా నాయక్ గోప్యా, పెద్దమనిషి, ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడే చెప్పాడు. "దొరా, రేపు ద్వాలికి మీరు బట్ట తేవాలె. అన్న వరస మీదే అంటున్నది. జైరాంను పిలువొద్దన్నది."

బావగారు సరే సరే అని పంపేశారు. అన్నాల దగ్గర అక్కయ్య మొదలుపెట్టింది. "కూలికొచ్చే ప్రతిదానికీ పుట్టింటి బట్ట పెట్టుకుంటూ పోతారా? మనవాళ్ళలో తెలిస్తే రేపు మన పిల్లకు సంబంధాలొస్తాయా?"

"పైగా బట్ట పెడితే వాడి చావు మన నెత్తిన వేసుకున్నట్టే" అన్నారు బావగారు.

నేను అడిగేశాను. "ఎస్సై ముందు చెల్లెలన్నారుగా బావగారూ?"

ఆయన నా వైపు చిత్రంగా చూశారు. కోపం కూడా లేదు. "అది మాటమ్మా. మాటకు బట్టలు పెడతారా ఎక్కడైనా?"

నా పెట్టెలో కొత్త చీర ఒకటి ఉంది. నేను తీసుకువెళ్ళి కప్పుదామా అనుకున్నాను. పనికిరాదు. పుట్టింటి మగవాడి చేతిమీదుగా రావాలి. నా డిగ్రీలూ నా జాలీ అక్కడ ఎందుకూ కొరగావు.

మర్నాడు బావగారు పొద్దున్నే మధిరలో ఏదో పనుందని బస్సెక్కారు. బస్సెక్కే ముందు జీతగాడు భద్రుతో తండాకు ఒక బస్తా బియ్యం పంపించమని అక్కయ్యకు చెప్పారు. మనిషి బొత్తిగా రాయి కాదు మరి, బియ్యం పంపించారు. ఆ బస్తా బండి మీదే నేనూ వెళ్ళాను.

ద్వాలి గుడిసె ముందు మట్టిలో కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. అప్పటికే ఆలస్యమైంది. బండి అలికిడికి ఆమె ముఖం విప్పారింది, ఆ దుఃఖంలో కూడా. భద్రు బస్తా దించాడు. ఆమె బండిలోకి తొంగిచూసింది, నా చేతుల వైపు చూసింది.

"బట్టేది?" అని భద్రును అడిగింది.

"బియ్యమే ఇచ్చిండ్రు."

"అన్న ఎనక వస్తున్నడా?"

భద్రు నేల చూశాడు. "మధిర పోయిండు."

ద్వాలి నా వైపు తిరిగింది. నేను బండి దిగి ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాను. ఆమె మాత్రం గోప్యాతో, "ఇంకొంచెంసేపు ఆగుండ్రి. ఎస్సై ముందల చెప్పిండు గద, వస్తడు" అంది. వాళ్ళు ఆగారు. ఎండ తగ్గింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. చూరులో కంచం చూసినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గు కలగలేదు. మా ఇంటి పేరు మోస్తున్నందుకు ఒళ్ళు కుంచించుకుపోయింది.

పొద్దు వాలుతుండగా వాగు వైపు నుంచి జైరాం వచ్చాడు. ఎవరు కబురు చేశారో, చేయకుండానే వచ్చాడో. చంకలో మడత విప్పని బట్ట. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వచ్చి బట్ట విదిలించి చెల్లెలి తలమీద కప్పాడు. ఆడవాళ్ళు గభాలున మూగి, ఆ చాటున ఘుగ్రీలు విప్పారు. అప్పుడు ఏడ్చింది ద్వాలి. మొగుడు పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

ఏడుస్తూనే చెయ్యి చాచి అన్న కాళ్ళు పట్టుకోబోయింది. జైరాం వెనక్కి జరిగాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. గోప్యా నాకు మెల్లగా తెలుగులో చెప్పాడు. "నీ కోసం రాలే. అమ్మ బతికుంటే రమ్మనేది, అందుకే వచ్చిన అంటున్నడు." ఎవరో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. అతను చెంబు ముట్టలేదు. వచ్చిన దారినే వాగు దిగి వెళ్ళిపోయాడు.

తర్వాత బతికినన్నాళ్ళూ ఆ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. నేను తరగతిలో చెప్పడానికి జంకేది ఇదే. ప్రేమ చచ్చిపోయినా బాధ్యత నడుచుకుంటూ వస్తుంది. తియ్యటి పిలుపు పద్నాలుగేళ్ళు పిలిచినా, పని పడ్డప్పుడు బస్సెక్కి పోతుంది. పుస్తకంలో ఈ రెండింటికీ మంచి పేర్లే ఉన్నాయి. ఆ పేర్లు ఎన్ని చదివినా ఆ సాయంత్రం ద్వాలికి ఏం ఒరిగేది?

దీపావళికి మేము మళ్ళీ వెళ్ళాం. పత్తి మొదటి తీతకు వచ్చింది. తండా ఆడవాళ్ళు ఇంకా దిగలేదు. బావగారు మళ్ళీ ద్వాలి గుడిసెకే వెళ్ళారు, ఇదివరకు పనిచేసిన మందు కదా. మందుడబ్బా మోసే మనిషి పోయాడు గాని, పత్తి తీసే చేతులు ఇంకా ఉన్నాయి. ఆయన తిరిగొచ్చేసరికి మేము భోజనాలకు కూర్చున్నాం. చేతులు కడుక్కుంటూనే చెప్పడం మొదలుపెట్టారు.

"చెల్లెమ్మా, రేపటి నుంచి తీత, నువ్వు ముందు దిగాలి అన్నాను. లేచి నిలబడను కూడా లేదు. 'కూలెంత దొరా?' అనడిగింది. అదీ వరస."

"మీరేమన్నారు?" అన్నాను.

"ఏమంటాను? అందరికీ ఇచ్చేదే అన్నాను. సరే దొరా, వస్త అంది."

పద్నాలుగేళ్ళలో ద్వాలి ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అడిగీ ఆమెకు దక్కిందేమీ లేదు. కూలి పాతదే, చేనూ అదే, పోవడానికి ఇంకో చేను లేదు. మర్నాడు వెళ్ళింది.

బావగారు కంచం ముందు కూర్చుని, కలపకుండానే అన్నం పక్కకు జరిపారు. "ఎంత చేసినా వీళ్ళకు విశ్వాసం ఉండదమ్మా" అన్నారు. "సొంత చెల్లెలిలా చూసుకున్నాను."

నాటకం అనుకుందామని ఆయన ముఖంలోకి చూశాను. నాటకం కాదు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.